నాన్న మూడో రాత్రే మాస్క్ పీకేశాడు, సీప్యాప్ వాడేవాళ్లు కాస్త చెప్పండి

నాగావళి గట్టు | ఆగస్టు 3, రాత్రి 11:20

మాది శ్రీకాకుళం, ఏడు రోడ్ల జంక్షన్‌కి దగ్గరే. నాన్నకి 63. ఆర్టీసీలో డ్రైవరుగా చేసి రిటైరయ్యాక సొంత కారు కిరాయికి తిప్పుతున్నాడు. గురక సంగతి చిన్నప్పటి నుంచీ తెలుసు, వీధి చివరిదాకా వినిపిస్తుందని చుట్టాలు నవ్వేవాళ్లు, మేమూ నవ్వేవాళ్లం. మొన్న మే నెలలో వైజాగ్ నుంచి ఖాళీ బండితో వస్తూ రణస్థలం దాటాక కారు డివైడర్ని రాసుకుంది. అద్దం ఒక్కటే పోయింది, మనిషికి ఏం కాలేదు. "కన్ను మూతపడింది గానీ నిద్రపోలేదు" అంటాడు. వైజాగ్ తీసుకెళ్లి రాత్రంతా నిద్ర పరీక్ష చేయిస్తే స్లీప్ ఆప్నియా అన్నారు, ఏహెచ్ఐ 46 వచ్చింది. అంటే గంటకి 46 సార్లు ఊపిరి ఆగిపోవడమో బాగా తగ్గిపోవడమో జరుగుతోందట. రక్తంలో ఆక్సిజన్ 71 శాతం దాకా పడింది. గాలి ప్రెషర్‌తో గొంతు దారి తెరిచి ఉంచే ఆటో సీప్యాప్ మెషిన్, ముక్కూ నోరూ కలిపి కప్పే పెద్ద మాస్క్ రాశారు. అమ్మినాయన వచ్చి ప్లగ్ పెట్టి, బటన్ చూపించి, టీ తాగి వెళ్లిపోయాడు.

మొదటి రాత్రి రెండు గంటలు ఉంచుకున్నాడు. రెండో రాత్రి కరెంటు పోయింది, అమ్మ కంగారుపడి మాస్క్ లాగేసింది, అప్పటి నుంచి టార్చి పట్టుకుని ఆయన పక్కనే కూర్చుంటోంది, నిద్ర లేదు. మూడో రాత్రి ఆయనే పీకేసి "ఇది మెషిన్ కాదు, మూతి మీద లారీ సైలెన్సర్" అన్నాడు. ఇప్పుడు మా మావయ్య కరోనా టైంలో కొన్న ఆక్సిజన్ కాన్సన్‌ట్రేటర్ అటక మీద నుంచి దింపి, దీని ముందు అదేటి, ఇది పెట్టెయ్ చాలు అంటున్నాడు. కరెంటు పోతే నిజంగా ఊపిరాడదా? ఆక్సిజన్ పెట్టొచ్చా? అసలు అలవాటవుతుందా? యాభై వేలకి దగ్గరగా అయింది, నెలనెలా వాయిదా కడుతున్నాను.

గంటస్తంభం | ఆగస్టు 4, ఉదయం 6:05

అమ్మా, ముందు మీ అమ్మగారిని పడుకోమనండి. నేను విజయనగరంలో ఆరేళ్లుగా వాడుతున్నాను, ఇన్ని వందల సార్లు కరెంటు పోయింది, ఇంకా ఇక్కడ టైప్ చేస్తూనే ఉన్నాను. ఆ పెద్ద మాస్క్‌లో మోచేయిలాగా వంగి ఉండే భాగం దగ్గర చిన్న రెక్క ఉంటుంది చూడండి. మెషిన్ గాలి వస్తున్నంతసేపు మూసుకుని ఉంటుంది, గాలి ఆగితే తెరుచుకుని గది గాలి లోపలికి వస్తుంది. పగలు ఒకసారి మీ నాన్నగారికి మాస్క్ పెట్టి, అమ్మగారి ఎదురుగానే స్విచ్ ఆపండి. ఆయన మామూలుగా ఊపిరి తీస్తుంటే ఆవిడ కళ్లతో చూడాలి, మీరు నోటితో ఎంత చెప్పినా ఆ భయం పోదు. కరెంటు పోయిన రాత్రి జరిగేదల్లా గురక మళ్లీ మొదలవడం, గాలి లేక ఉక్కగా అనిపించి ఆయనే మెలకువ తెచ్చుకోవడం.

అలవాటు సంగతి. నాకు పద్దెనిమిది రోజులు పట్టింది, మొదటి వారం నేనూ రోజూ పీకేసినవాణ్ణే. నిద్రపోవడానికి పెట్టుకుంటే పగ వస్తుంది ఆ మాస్క్ మీద. సాయంత్రం టీవీ చూస్తూ అరగంట పెట్టుకోమనండి, మొదట మెషిన్ లేకుండా ఉత్త మాస్క్, రెండు రోజులయ్యాక మెషిన్‌తో. రాంప్ అని ఒకటి ఉంటుంది, మొదట తక్కువ గాలి ఇచ్చి మెల్లగా పెంచుతుంది, అది ఆన్‌లో ఉందో లేదో చూడండి. అమ్మినాయన చూపించి ఉండడు. పట్టీలు మరీ బిగించొద్దు. గాలి కళ్లలోకి కొడుతోంది కదా అని బిగిస్తాం, బిగించేకొద్దీ ఇంకోచోట లీకవుతుంది, పొద్దున్నకి ముక్కు మీద వాత. సైజు తప్పయితే సైజు మార్చాలి. పడుకున్నాక, మెషిన్ నడుస్తుండగా సర్దాలి, కూర్చుని కాదు, పడుకుంటే ముఖం ఆకారం మారుతుంది.

బొబ్బిలి బుల్లోడు | ఆగస్టు 4, ఉదయం 8:30

మా ఇంట్లో గురక పెట్టేది మా ఆవిడ. ఈ చర్చ చూపిద్దామంటే ధైర్యం చాలట్లేదు.

ఊపిరితిత్తుల పీజీ | ఆగస్టు 4, మధ్యాహ్నం 2:15

వైజాగ్‌లో ఛాతీ విభాగంలో పీజీ చేస్తున్నాను. మీ నాన్నగారిని చూసిన డాక్టర్ మాటే చివరి మాట, నేను చెప్పేది విషయం అర్థం కావడానికి మాత్రమే.

కాన్సన్‌ట్రేటర్ అటక ఎక్కించేయండి. ఈ జబ్బులో గాలిలో ఆక్సిజన్ తక్కువై కాదు సమస్య. నిద్రలో గొంతు కండరాలు వదులై, నాలుక వెనక్కి జారి దారే మూసుకుపోతోంది. మూసుకున్న తలుపు బయట ఎంత మంచి సరుకు పెట్టినా లోపలికి రాదు. సీప్యాప్ చేసేది ఆ దారిని గాలి ప్రెషర్‌తో తెరిచి ఉంచడం, అందులో వచ్చేది మామూలు గది గాలే. పైగా ఉత్త ఆక్సిజన్ పెడితే వేలికి పెట్టే మీటర్‌లో అంకె బాగుంటుంది, ఇంట్లో అందరూ హమ్మయ్య అనుకుంటారు, కానీ కొందరిలో ఊపిరి ఆగే సమయం ఇంకా పొడుగవుతుంది, బొగ్గుపులుసు వాయువు రక్తంలో పేరుకుంటుంది. బాగా లావుగా ఉన్నవాళ్లలో, పాత పొగరాయుళ్లలో ఇది మరీ ప్రమాదం. కొంతమందికి సీప్యాప్‌తో పాటు ఆక్సిజన్ కూడా రాస్తాం, అది కొలతలు చూసి రాసేది. అలా రాసినప్పుడు కూడా ముందు మెషిన్ ఆన్ చేసి తర్వాత ఆక్సిజన్, ఆపేటప్పుడు ముందు ఆక్సిజన్ ఆపాలి, ఆ గదిలో దీపం, అగరుబత్తి, బీడీ ఏదీ ఉండకూడదు.

ఒక ప్రశ్న. ఆయన ఇప్పుడు కారు నడుపుతున్నారా?

నాగావళి గట్టు | ఆగస్టు 4, రాత్రి 9:50

నిన్న కూడా ఆమదాలవలస స్టేషన్‌కి కిరాయి వెళ్లాడు సార్. ఆపితే గొడవ.

ఊపిరితిత్తుల పీజీ | ఆగస్టు 4, రాత్రి 10:10

గొడవ పడండి. 46 ఏహెచ్ఐ, ఒకసారి డివైడర్ తగిలింది, మెషిన్ పెట్టుకోవట్లేదు, ఈ మూడూ కలిస్తే స్టీరింగ్ పట్టకూడదు. పగటి మత్తు పోయిందని డాక్టర్ చూసి చెప్పేదాకా తాళం మీ దగ్గరే ఉంచుకోండి. ఏహెచ్ఐ 30 దాటితేనే తీవ్రం అంటాం, 15 నుంచి 30 మధ్యస్థం, 5 దాటితే తేలిక.

టెక్కలి మేస్టారు | ఆగస్టు 5, సాయంత్రం 5:40

అందరూ పెద్ద విషయాలు చెప్పారు, నేను ఇంటి గోల చెబుతాను, మెషిన్ కొట్టుకుపోయేది అక్కడే.

నీళ్లు. గాలికి తేమ పట్టించే హ్యూమిడిఫయర్ డబ్బాలో డిస్టిల్డ్ వాటరే పోయాలి. నేను మొదటి నెల బోరు నీళ్లు పోశాను, డబ్బా అడుగున సున్నం అచ్చు గట్టిపడి గీకినా రాలేదు, కొత్త డబ్బా కొనాల్సి వచ్చింది. తర్వాత తెలివి ఉపయోగించి ఇన్వర్టర్ బ్యాటరీలో పోసే నీళ్లు తెచ్చాను, అదీ డిస్టిల్డే కదా అని. అది బ్యాటరీ కోసం చేసింది, మనిషి రాత్రంతా పీల్చడానికి కాదు, ఆ క్యానులో శుభ్రత ఎవడు చూశాడు. మందుల షాపులో అడిగితే తెప్పిస్తారు. పొద్దున్నే మిగిలింది పారబోసి డబ్బా బోర్లించాలి. నిన్నటి నీళ్ల మీద ఇవాళ్టివి పోయడం మన కుండ అలవాటు, అది ఇక్కడ పనికిరాదు.

ఫిల్టర్. మా టెక్కలి గ్రానైట్ దుమ్ము గురించి వేరే చెప్పాలా, పుస్తకంలో నెలకోసారి చూసుకోమని రాసి ఉంటే మాకు పదిహేను రోజులకే బూడిద రంగు వచ్చేస్తుంది. వెనకవైపు మూత తీసి చూడండి, నల్లబడితే మార్చండి, తేదీల కోసం ఆగొద్దు. కాగితంలా ఉండే ఫిల్టర్ కడిగితే పాడవుతుంది.

దోమల చుట్ట. ఇది ఎవరూ చెప్పరు. మెషిన్ గదిలోని గాలినే లాగి ముఖం మీద కొడుతుంది కదా, దాని పక్కన చుట్ట వెలిగిస్తే ఆ పొగ నేరుగా ఊపిరితిత్తుల్లోకే. నాకు వారం రోజులు దగ్గు, డాక్టర్ మెషిన్‌ని అనుమానించాడు, చివరికి మా ఆవిడ కనిపెట్టింది. ఇప్పుడు దోమతెర కట్టుకుంటాం. గొట్టం తెర కింద నుంచి తీసుకొస్తే నలగదు.

కొబ్బరినూనె. రాత్రి తలకి, ముఖానికి రాసుకుని మాస్క్ పెడితే జారిపోతుంది, ఆ మెత్తటి సిలికాన్ కూడా త్వరగా పాడవుతుంది. ముఖం సబ్బుతో కడుక్కుని పెట్టుకోవాలి. మాస్క్ మెత్తని రోజూ గోరువెచ్చటి నీళ్లు, పిల్లల సబ్బుతో తుడవాలి, గొట్టం వారానికోసారి కడిగి నీడన వేలాడదీయాలి. డెట్టాల్, శానిటైజర్, బ్లీచింగ్ వద్దు. ఎండలో వేయొద్దు, మా వాళ్లు వడియాల పక్కన ఆరేశారు ఒకసారి.

మెషిన్ మంచం ఎత్తుకంటే కాస్త కిందికి, గట్టి స్టూలు మీద పెట్టండి. తల కంటే ఎత్తులో ఉంటే గొట్టంలో చేరిన నీళ్లు ముక్కులోకి వస్తాయి. నేను పిల్లలకి ముప్పై ఏళ్లు ఘనీభవనం పాఠం చెప్పినవాణ్ణి, అది నా మూతి మీదే జరిగాక గానీ అర్థం కాలేదు. నీళ్లు చేరుతుంటే తేమ ఒక అంకె తగ్గించండి, ఏసీ నేరుగా గొట్టం మీద కొట్టకుండా చూడండి.

రాజాం రైడర్ | ఆగస్టు 5, రాత్రి 11:55

నాదొక చిట్కా. మాస్క్ ముందు సన్న కన్నాలు ఉంటాయి, వాటిలోంచి గాలి సుయ్ మని మా ఆవిడ మొహం మీద కొడుతుంటే ప్లాస్టర్ అంటించాను. శబ్దం పోయింది. కాకపోతే పొద్దున్నే తల బరువుగా ఉంటోంది.

ఊపిరితిత్తుల పీజీ | ఆగస్టు 6, ఉదయం 12:20

ఇప్పుడే వెళ్లి పీకేయండి. నిజంగానే చెబుతున్నాను, ఇది చదివాక పడుకోవద్దు. మీరు వదిలిన గాలి బయటికి పోయే దారి ఆ కన్నాలే. మూసేస్తే వదిలిందే మళ్లీ పీలుస్తున్నారు, తల బరువు అందుకే. మాస్క్ ఏదైనా, ఏ కంపెనీదైనా ఆ కన్నాలు మూయకూడదు, దుప్పటి ముసుగు కూడా వాటి మీద వేసుకోకూడదు.

రాజాం రైడర్ | ఆగస్టు 6, ఉదయం 12:31

పీకేశాను సార్. చెయ్యి వణుకుతోంది. ఆవిడని అటు తిరిగి పడుకోమన్నాను.

నిర్వాహకుడు | ఆగస్టు 6, ఉదయం 9:00

రాజాం రైడర్ మొదటి పోస్టు తీసేద్దామనుకున్నాను, కింద జవాబు ఉంది కాబట్టి ఉంచుతున్నాను. దయచేసి "నాకు ఇంత ప్రెషర్ పెట్టారు, నువ్వూ పెట్టుకో" అని ఎవరూ రాయొద్దు. నిన్న రెండు అలాంటివి తొలగించాను.

కవిటి తోట | ఆగస్టు 6, రాత్రి 8:45

కరెంటు గురించి మా ఉద్దానం వాళ్లని అడగాలి. 2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది, మా ఊళ్లో స్తంభాలన్నీ పడిపోయి వారం దాటినా లైటు వెలగలేదు. అప్పటికి నాకు మెషిన్ వచ్చి నాలుగు నెలలు. ఆ రాత్రులు ఎలా గడిపానంటే, పక్కకి తిరిగి పడుకోవడం, వెల్లకిలా తిరగకుండా బనీను వెనక జేబు కుట్టించి అందులో టెన్నిస్ బంతి పెట్టడం, తల కింద ఎత్తు, చుక్క మందు ముట్టకపోవడం. మెషిన్ అంత బాగుండదు గానీ గట్టెక్కాను.

ఆ తర్వాత ఇన్వర్టర్ కొన్నాను. రెండు మాటలు. ఒకటి, ప్యూర్ సైన్ వేవ్ అని అడిగి కొనండి, చవక రకం కరెంటుకి ఈ అడాప్టర్లు వేడెక్కుతాయి. రెండు, ఇన్వర్టర్ మీద నడిచేటప్పుడు హ్యూమిడిఫయర్, వేడి గొట్టం ఆపేయండి, ఎక్కువ కరెంటు మింగేది అవే, గాలి మోటారు కాదు. లెక్క ఇది: 12 వోల్టుల 150 ఆంపియర్ అవర్ బ్యాటరీ అంటే 1800 వాట్ అవర్లు, పాతబడి సగమే ఇచ్చినా 900. తేమ ఆపిన మెషిన్ 30 వాట్లు, ఫ్యాను 70 అనుకోండి, తొమ్మిది గంటలు వస్తుంది. రాత్రి గడిచిపోతుంది. ఫ్రిజ్ దానికి తగిలించారా, అర్ధరాత్రికి అయిపోతుంది, మా తమ్ముడి ఇంట్లో అదే జరిగింది.

ఇంకోటి, మా నాన్నకి డయాలసిస్. మా వైపు ఇంటికొకరు అన్నట్టుంది కదా కిడ్నీ బాధ. ఆయనకీ గురక, పగలు తూగు, డయాలసిస్ నీరసం అనుకున్నాం. ఒంట్లో చేరిన నీరు పడుకున్నప్పుడు మెడ వైపు చేరి గొంతు ఇరుకవుతుందట, కిడ్నీ జబ్బు ముదిరిన వాళ్లలో ఈ నిద్ర సమస్య మామూలు వాళ్లకంటే ఎక్కువట. మా వైపు వాళ్లు ఎవరైనా చదువుతుంటే ఒకసారి అడగండి డాక్టర్ని, వాళ్లంతట వాళ్లు అడగట్లేదు.

నాగావళి గట్టు | ఆగస్టు 9, రాత్రి 10:30

స్విచ్ ఆపి అమ్మకి చూపించాను. నాన్న మాస్క్‌లోంచే "ఇంకా చావలేదే" అన్నాడు, అమ్మ నవ్వింది, నిన్న పడుకుంది కూడా. కారు తాళం నా బ్యాగులో ఉంది, నాతో మాటల్లేవు, సైగలే.

కొత్త అనుమానం. అమ్మకి కిందటేడు పేస్‌మేకర్ పెట్టారు. మాస్క్ పట్టీ క్లిప్పులు టక్కున అతుక్కుంటాయి, ఇనుప చెంచా తగిలిస్తే పట్టుకుంది, అంటే అయస్కాంతం. కరెంటు పోయిన రాత్రి ఆ మాస్క్ లాగి ఒళ్లో పెట్టుకుని కూర్చుంది ఆవిడ. ఏమైనా ఉందా?

ఊపిరితిత్తుల పీజీ | ఆగస్టు 9, రాత్రి 11:15

మంచిదాన్ని గమనించారు, చాలామందికి తట్టదు. ఆ అయస్కాంతాలు పేస్‌మేకర్‌కి కనీసం ఆరు అంగుళాలు, 15 సెంటీమీటర్ల దూరంలో ఉండాలి. ఈ హెచ్చరిక వాడే మనిషికే కాదు, పక్కన పడుకునేవాళ్లకీ, మాస్క్ ముట్టుకునేవాళ్లకీ వర్తిస్తుంది. అయస్కాంతం లేని క్లిప్పులతో మాస్కులు దొరుకుతాయి, మార్పించండి. అప్పటిదాకా ఆవిడ దాన్ని ముట్టొద్దు, కడగొద్దు. ఆవిడకి కళ్లు తిరగడం, గుండె దడ లాంటివి ఏమైనా ఉంటే వెంటనే గుండె డాక్టర్‌కి చూపించండి, లేకపోయినా ఈసారి వెళ్లినప్పుడు చెప్పండి.

పాతపట్నం పోరడు | ఆగస్టు 11, సాయంత్రం 4:00

యాభై వేలు ఎందుకండీ, ఆన్‌లైన్‌లో సెకండ్ హ్యాండ్ పన్నెండు వేలకి దొరుకుతోంది, చుట్టం చనిపోతే అమ్మేస్తున్నారు.

గంటస్తంభం | ఆగస్టు 11, సాయంత్రం 6:20

బాబూ, మోడల్ చూడకుండా కొనకు. 2021 జూన్‌లో ఫిలిప్స్ వాళ్లు తమ పాత మెషిన్లు లక్షల్లో వెనక్కి పిలిచారు, లోపల శబ్దం తగ్గించే స్పాంజి లాంటి ఫోమ్ పొడిపొడిగా రాలి గాలిలో కలుస్తోందని. ఓజోన్‌తో శుభ్రం చేస్తే ఇంకా త్వరగా పాడవుతుందని కూడా చెప్పారు. అలాంటివి ఇప్పటికీ చేతులు మారుతూ ఉండొచ్చు. మెషిన్ నంబర్ కంపెనీతో సరిచూసుకో, మాస్క్, గొట్టం, ఫిల్టర్ కొత్తవే కొను, సెట్టింగ్ పాత మనిషిది ఉంటుంది, నీ చీటీ ప్రకారం మార్పించు. నా అభిప్రాయం అడిగితే నెల అద్దెకి తీసుకుని అలవాటయ్యాక కొత్తది కొనడం నయం.

పాతపట్నం పోరడు | ఆగస్టు 11, సాయంత్రం 6:45

బరువు తగ్గితే మెషినే అక్కర్లేదంట కదా. పడుకునే ముందు నిద్రమాత్ర వేసుకుంటే మాస్క్ తెలియకుండా పడుకోవచ్చని కూడా మా కాంపౌండర్ అన్నాడు.

ఊపిరితిత్తుల పీజీ | ఆగస్టు 11, రాత్రి 9:30

మొదటిది సగం నిజం. బరువు పదో వంతు తగ్గినా ఊపిరి ఆగడం బాగా తగ్గుతుంది, కొందరికి మెషిన్ తీసేశాం కూడా, కానీ తగ్గేదాకా వాడుతూ తగ్గాలి, మళ్లీ పరీక్ష చేశాకే ఆపాలి. లావు లేనివాళ్లకీ దవడ చిన్నదై వస్తుంది ఈ జబ్బు. రెండోది చాలా తప్పు. చాలా నిద్రమాత్రలు, మందు, రెండూ గొంతు కండరాలని ఇంకా వదులు చేస్తాయి. డాక్టర్‌కి తెలియకుండా వేసుకోవద్దు. ఏ ఆపరేషన్‌కి వెళ్లినా, పంటికి మత్తు ఇచ్చి చేసే పనికైనా, నాకు ఈ జబ్బు ఉందని ముందే చెప్పి మెషిన్ వెంట తీసుకెళ్లండి.

నాగావళి గట్టు | సెప్టెంబర్ 2, రాత్రి 10:05

నెలయింది, రాసి వెళ్దామని వచ్చాను. మాస్క్ మార్చాం, ముక్కుకి మాత్రమే పెట్టేది, అయస్కాంతం లేదు. నోరు తెరుస్తున్నాడని మొదట రెండు రోజులు పొద్దున్నే గొంతు ఎండిపోయేది. ముక్కు దిబ్బడకి డాక్టర్ స్ప్రే రాశారు, దాంతో నోరు మూత పడింది. కడుపులో గాలి చేరి ఉబ్బరంగా ఉందంటే డాక్టర్ ప్రెషర్ పైహద్దు కాస్త తగ్గించారు. అమ్మినాయన నాలుగు నుంచి ఇరవై దాకా వదిలేసి వెళ్లాడట, చీటీలో ఉన్నది అది కానే కాదు. అడిగితే "అందరికీ అలాగే పెడతాం మేడం" అన్నాడు. మీరూ ఒకసారి చీటీ, మెషిన్ పక్కపక్కన పెట్టి చూసుకోండి.

మెషిన్ తెర మీద నిన్న రాత్రి 5 గంటల 40 నిమిషాలు, ఏహెచ్ఐ 3.8 చూపించింది. రాత్రి నాలుగుసార్లు లేచేవాడు బాత్‌రూమ్‌కి, ఇప్పుడు ఒకసారి. ప్రోస్టేట్ అనుకుని మాత్రలు కూడా వాడాం కొన్నాళ్లు. పొద్దున తలనొప్పి లేదు. బీపీ మాత్ర గురించి డాక్టర్ వచ్చే నెల చూద్దామన్నారు. తాళం మాత్రం ఇంకా ఇవ్వలేదు.

టెక్కలి మేస్టారు | సెప్టెంబర్ 3, ఉదయం 7:10

శభాష్ అమ్మా. మధ్యాహ్నం కునుకు తీసినా పెట్టుకోమను, అక్కడే అందరూ ఎగ్గొడతారు. మీసం పెంచితే లీకవుతుంది, ఆర్టీసీ మీసం అయితే కాస్త కత్తిరించమను.

నాగావళి గట్టు | సెప్టెంబర్ 3, ఉదయం 9:00

మీసం మాట ఆయనకి చెప్పను మేస్టారూ, ఇప్పుడే సైగల నుంచి మాటల్లోకి వచ్చాడు. ఇంకొక్కటి. సిరిమానుకి విజయనగరం మా పిన్ని ఇంటికి వెళ్తాం, రాత్రి అక్కడే. తర్వాత నవంబర్‌లో రైల్లో తిరుపతి. మెషిన్ ఎలా?

గంటస్తంభం | సెప్టెంబర్ 3, రాత్రి 8:15

రండి రండి. పండగ రాత్రి ఇంటినిండా చుట్టాలు ఉంటారు, మంచం పక్కన ప్లగ్ ఫోన్ల కోసం కొట్టుకుంటారు, కాబట్టి మూడు పిన్నుల ఎక్స్‌టెన్షన్ బాక్స్ మీదే తెచ్చుకోండి, రెండు పిన్నులది వద్దు. డబ్బాలో నీళ్లు పూర్తిగా పారబోసి సర్దాలి, లేకపోతే వంగినప్పుడు మెషిన్ లోపలికి పోతాయి, నాది ఒకటి అలాగే చచ్చింది. చీటీ జిరాక్స్ సంచిలో పెట్టండి. రైల్లో మాత్రం బెర్త్ దగ్గర ప్లగ్‌ని నమ్ముకోవద్దు, నాకు రాత్రి పదకొండు దాటాక కరెంటు రాలేదు, దానికి సరిపడే బ్యాటరీ విడిగా దొరుకుతుంది, అద్దెకి అడగండి. పై బెర్త్ వద్దు, కింద బెర్త్ తీసుకోండి.

రాజాం రైడర్ | సెప్టెంబర్ 3, రాత్రి 8:40

బ్యాటరీ నా దగ్గర ఒకటి ఉంది అక్కా, నవంబర్‌లో నాకు ప్రయాణం లేదు. ముందు మీ మెషిన్ అడాప్టర్ మీద 12 వోల్టులో 24 వోల్టులో చూసి చెప్పండి, నాది 24.